ఎర్ర సిరాతో కొట్టేసిన రాజ్యం

నేను సోషల్ టీచర్ని. జహనుమాలో, ఫలక్‌నుమా గుట్టకు దిగువన ఉన్న ఒక చిన్న బడిలో తెలుగు మీడియం పిల్లలకు చరిత్ర, భూగోళం చెబుతాను. అన్ని పాఠాల్లోనూ నాకు ప్రాణమైనది లెసోతో. ఆ దేశానికి నాలుగు వైపులా ఉన్నది ఒక్కటే దేశం, దక్షిణాఫ్రికా. విస్తీర్ణం 30,355 చదరపు కిలోమీటర్లు. ఆ దేశంలో అన్నిటికన్నా పల్లపు చోటు కూడా సముద్ర మట్టానికి 1,400 మీటర్ల ఎత్తున ఉంటుంది. మొత్తం నేల వెయ్యి మీటర్లకు పైన ఉన్న స్వతంత్ర దేశం ప్రపంచంలో ఇదొక్కటే. అత్యున్నత శిఖరం థబానా న్‌ట్లెన్యానా, 3,482 మీటర్లు. ఈ అంకెలు పుస్తకం చూడకుండా బోర్డు మీద రాసేవాణ్ని. రేవు లేదు, ఓడ లేదు, బయటికి పోవాలంటే పొరుగువాడి నేల తొక్కి పోవాల్సిందే అని చెబుతుంటే పిల్లలు నోరు తెరుచుకుని వినేవాళ్లు.

పాఠం చివర ఒక మాట అనడం నాకు అలవాటు: "ఇలాంటి దేశం మనవైపు ఎక్కడా లేదు. ఉండి ఉంటే చూసి వచ్చేవాళ్లం."

ఒక ఏడాది అర్ధ సంవత్సర పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న ఇచ్చాను. నలువైపులా ఒకే పరాయి పాలన ఉండి, సముద్ర తీరం లేని ఒక చిన్న కొండ రాజ్యానికి ఉదాహరణ రాసి, దాని గురించి ఒక వాక్యం రాయండి అని. తరగతి మొత్తం లెసోతో రాసింది. వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి మాత్రం "బనగానపల్లె" అని రాసింది. కింద వాక్యం: "మా ఊరు నవాబుది, చుట్టూ ఇంగిలీషు వాళ్లది." ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి సున్నా వేశాను. పేపర్లు ఇచ్చిన రోజు ఆ పిల్ల లేచి నిలబడింది.

"సార్, మా అవ్వ చెప్పింది సార్. మాది వేరే రాజ్యం అంట."

"బంగినపల్లి మామిడిపండు పేరమ్మా. రాజ్యం పేరు కాదు" అన్నాను.

పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ అమ్మాయి కూర్చుంది. మళ్లీ ఆ ఏడాదంతా నా క్లాసులో లేచి ఏమీ అడగలేదు.

వాళ్ల నాన్న బండలు పరిచే మేస్త్రీ. నంద్యాల వైపు నుంచి వచ్చి, ఇంజన్ బౌలి దగ్గర అద్దెకు ఉండేవాళ్లు. శనివారం ఒంటిపూట బడికి అవ్వ వచ్చి పిల్లను తీసుకుపోయేది. ఆ వారం ఆమె గేటు దగ్గర నన్ను ఆపింది.

"సారూ, మా పాప రాసింది తప్పా? మా నాయన శిస్తు నవాబు కచేరీలో కట్టేవాడు. మా మేనత్త వాళ్ల ఊర్లో కర్నూలు కలెక్టరుకు కట్టేవాళ్లు. రెండూర్లకూ నడుమ ఒక్క గట్టే కదా సారూ."

"అది జమీందారీ లాంటిదమ్మా. పిల్లకు అట్లాంటివి చెప్పి తికమక పెట్టకు" అన్నాను.

"సరే సారూ, సదువుకున్నోడివి నీకు తెలుస్తుంది" అని పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

నాకు తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. ఈ ముక్క ఉన్నదున్నట్టు చెప్పాలి: అదే జవాబు ఒక వకీలు గారి కూతురు రాసి ఉంటే, కొట్టేసే ముందు ఒక్కసారైనా పుస్తకం తిప్పి చూసి ఉండేవాణ్ని. బండల మేస్త్రీ తల్లి చెప్పిన మాట గనుక తిప్పలేదు. గట్టుకు ఇవతల ఒక సర్కారు, అవతల ఇంకో సర్కారు అని ఆమె చెప్పింది సరిహద్దుకు సరైన నిర్వచనం. ఇరవై మాటల్లోపే చెప్పింది. నా పాఠ్యపుస్తకం రెండు పేజీలు తీసుకుంటుంది.

ఆ తర్వాత కొన్నేళ్లకు, నిజాం కాలపు పటాలు పిల్లలకు చూపిద్దామని అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి పోయాను. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైన గ్రంథాలయం అది. బ్రిటిష్ ఇండియా పాత అట్లాసు ఒకటి తీయించుకున్నాను. అందులో ఈస్టిండియా కుంపినీ, తర్వాత దొరల ప్రభుత్వం ఏలిన జిల్లాలకు ఒక రంగు, స్వదేశీ సంస్థానాలకు ఇంకో రంగు. హైదరాబాదు పెద్ద మడుగంత పసుపు. కళ్లు కిందికి దించితే కర్నూలు జిల్లా గులాబీ రంగులో, వేలిగోరుకు సరిపడా పసుపు మచ్చ. దాని మీద చిన్న అక్షరాల్లో బనగానపల్లె అని ఉంది. భూతద్దం అడిగి తీసుకుని మళ్లీ చూశాను. మచ్చ చుట్టూ గీత ఉంది. జిల్లా గీత కాదు, తాలూకా గీత కాదు, హైదరాబాదు చుట్టూ గీసిన గీతే.

ఆ రోజు మొదలుపెట్టి దొరికినంత వరకు చదివాను. బనగానపల్లె జమీందారీ కాదు, సంస్థానం. నవాబుకు తొమ్మిది తుపాకుల గౌరవ వందనం ఉండేది, మన నిజాముకు ఇరవై ఒకటి. విస్తీర్ణం 250 చదరపు మైళ్ల పైచిలుకు. 1901 జనాభా లెక్కల్లో 32 వేల పైచిలుకు మంది. ఎర్రమల కొండల పక్కన ఉన్న సీమ. ఎర్రమలలు ఆకాశాన్నంటేవి కావు, పైన బల్లపరుపుగా ఉండే గుట్టలు. వాటి నడుమ జుర్రేరు అనే చిన్న ఏరు తూర్పుకు పారి కుందూలో కలుస్తుంది. సముద్రం ఎక్కడో. చుట్టూ మద్రాసు ప్రెసిడెన్సీ.

దాని కథంతా పొరుగువాళ్ల కథే. బీజాపూరు సుల్తానులు, తర్వాత మొగలులు, 1724 తర్వాత నిజాములు. నడుమ మైసూరు పాలకుల చేతికీ పోయి వచ్చింది. 1800లో నిజాం బళ్లారి, కడప, అనంతపురం, కర్నూలు వైపు సీమలను కుంపినీకి అప్పగించాడు. దత్త మండలాలు అని మనం చదువుకునే నేల అదే. హైదరాబాదులో కూర్చుని చేసిన ఆ ఒక్క ఒప్పందంతో బనగానపల్లె చుట్టూ ఉన్న యజమాని మారిపోయాడు. నవాబు పరిపాలన గాడి తప్పిందంటూ 1832 నుంచి 1848 వరకు మద్రాసు ప్రభుత్వమే పెత్తనం చేసి, మళ్లీ నవాబు వంశానికి తిరిగి ఇచ్చింది. చివరికి 1948 ఫిబ్రవరిలో సంస్థానం మద్రాసు రాష్ట్రంలో కలిసి, కర్నూలు జిల్లాలో భాగమైంది. ఇప్పుడు నంద్యాల జిల్లా. ఆ అవ్వ పుట్టినప్పుడు ఆమె పుట్టింది కర్నూలు జిల్లాలో కాదు, బనగానపల్లె రాజ్యంలో. ఆమె నాతో అన్నది అక్షరాలా అదే.

ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి నా కాళ్ల కిందనే ఉంది. మనవైపు ఇలాంటిది ఎక్కడా లేదని నేను చెబుతూ వచ్చింది జహనుమాలో నిలబడి. జహనుమా ఉన్నది హైదరాబాదు రాజ్యపు రాజధానిలో. ఎనభై రెండు వేల చదరపు మైళ్ల ఆ రాజ్యానికి ఒక్క అంగుళం సముద్ర తీరం లేదు. ఒకప్పుడు ఉండేది: మచిలీపట్నం, ఉత్తర సర్కారులు. 1766 ఒప్పందంతో మొదలై సర్కారులన్నీ కుంపినీకి పోయాయి, ఆ తర్వాత నిజాములెవరూ సముద్రాన్ని తిరిగి అందుకోలేదు. 1947లో ఆఖరి నిజాం ప్రభుత్వం రేవు కోసం గోవా పోర్చుగీసు వాళ్లతో మంతనాలు ఆడటం వెనక ఉన్న ఆరాటం ఇదే. నవంబరులో భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం, మరుసటి ఏడాది సరిహద్దుల్లో సరుకుల కటకట, సెప్టెంబరులో భారత సైనిక చర్య. తీరం లేని రాజ్యానికి దారులు పొరుగువాడి చేతిలో ఉంటే ఏమవుతుందో చెప్పడానికి నాకు ఆఫ్రికా దాకా పోవాల్సిన పని లేదు. మా వీధిలో ముసలివాళ్లను అడిగినా చెప్పేవాళ్లు. ఆ ఏడాది ఉప్పు దొరక్క ఎట్లా గడిపారో వాళ్ల ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేనే అడగలేదు.

బనగానపల్లె చూడకుండా ఉండలేకపోయాను. ఫలక్‌నుమా స్టేషన్ మీదుగా దక్షిణానికి పోయే పట్టాలు మహబూబ్‌నగర్, గద్వాల, కర్నూలు, డోన్ దాటుకుని నంద్యాల వైపు తిరుగుతాయి. ఆ రైళ్ల కూత వింటూ పాఠం చెప్పినవాణ్నే. కాచిగూడలో ఎక్కి నంద్యాలలో దిగి, బస్సు పట్టుకున్నాను. 2016లో నంద్యాల, ఎర్రగుంట్ల లైను మీద బనగానపల్లెకు రైలు స్టేషనే వచ్చింది. వేళలు కుదరక నేను బస్సులో పోయాను.

ఊరి బయట గుట్ట మీది నవాబుల బంగళా పిల్లలందరికీ తెలుసు, "అరుంధతి" సినిమాలో చూశారు గనుక. నేను దాని దగ్గర ఎక్కువ సేపు ఉండలేదు. రవ్వలకొండ చూశాను. వీరబ్రహ్మేంద్రస్వామి పశువులు కాస్తూ ఆ గుహలో కాలజ్ఞానం చెప్పాడని ప్రతీతి. యాగంటి పోయాను. ఎర్రమల రాళ్ల నడుమ ఉమామహేశ్వరుడి గుడి, కొండ లోపలి నుంచి ఏడాది పొడుగునా నీరు వచ్చే కోనేరు. ఎండాకాలంలో కూడా మోకాళ్లు జిల్లుమనే నీళ్లు. సున్నపురాయి కొండలు వాన నీటిని లోపల దాచుకుని, తీరిగ్గా వదులుతాయని పిల్లలకు చెప్పాల్సింది ఇక్కడ మెట్ల మీద కూర్చోబెట్టి.

నన్ను నిలబెట్టింది మాత్రం జ్వాలాపురం. జుర్రేరు లోయలో ఉన్న పల్లె. అక్కడ చేల పక్కన తవ్విన గోతుల్లో ఎర్రమట్టి నడుమ తెల్లగా, బూడిద రంగుగా ఒక పొర కనిపిస్తుంది. కొన్నిచోట్ల మనిషి ఎత్తును మించిన మందం. చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య నలిపాను. పసిపిల్లలకు రాసే పౌడరంత మెత్తన, కానీ చివర్లో చర్మానికి సన్నని గరుకు తగులుతుంది. ఆ గరుకు అగ్నిపర్వతపు గాజు రజను. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు లేచిన బూడిద రెండు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, బంగాళాఖాతం దాటి వచ్చి, ఈ లోయలో పడింది. వానలు చుట్టూ ఉన్న గుట్టల నుంచి దాన్ని కిందికి కడిగి లోయలో పోగేశాయి. పురావస్తు శాస్త్రజ్ఞులు మైఖేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్‌ల బృందం ఇక్కడ తవ్వకాలు జరిపి 2007లో "సైన్స్" పత్రికలో ప్రకటించింది: బూడిద పొర కింద రాతి పనిముట్లు ఉన్నాయి, పైన కూడా ఉన్నాయి. అంత ఉత్పాతం తర్వాత కూడా ఈ లోయలో మనుషులు బతికారన్నది వాళ్ల వాదన. ఆ పనిముట్లు చేసింది మన జాతి మనుషులేనా, అంతకు ముందరి వాళ్లా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. ఆదిమానవుల చరిత్ర చదివినవాళ్లు పేరు చెబితే గుర్తుపట్టే ఊరు అది. హైదరాబాదులో నేను ఎరిగిన టీచర్లలో ఆ పేరు విన్నవాళ్లు నాకింకా కనబడలేదు.

ఆ బూడిదను ఊరివాళ్లు తవ్వి అమ్ముతారు, గిన్నెలు తోమే పొడుల్లో కలపడానికి. వాళ్లను తప్పుపట్టే మనసు రాలేదు. చేలు బీడుపడితే మనిషి దేన్నయినా తవ్వుతాడు. కానీ ఆ గోతుల దగ్గర నిలబడితే గుండె పిండేసినట్టయింది. ఒక్క గోడనైనా చెక్కుచెదరకుండా ఉంచి, కంచె వేసి, తెలుగులో నాలుగు వాక్యాల బోర్డు పెట్టాలి. అడగాల్సినవాళ్లను అడుగుతున్నాను, అడుగుతూనే ఉంటాను.

సముద్రం లేని సీమ అంటే ప్రపంచం తలుపులు మూసుకున్న సీమ అని అనుకుంటూ వచ్చాను, అదే పిల్లలకూ నూరిపోశాను. ఆ లోయకు సముద్రం అవతలి నుంచి బూడిద వచ్చింది. ఆ లోయ నుంచి మామిడి బయటికి పోయింది. పల్చని తొక్క, పీచు లేని కండ, నిలవ ఉండే గుణం వల్ల బంగినపల్లి దూర ప్రయాణానికి తట్టుకుంటుంది. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. వజ్రాలూ పోయాయి. బనగానపల్లె గులకరాతి పొరల్లో వజ్రాలు ఉంటాయి. 1872లో భూగర్భ సర్వే తరఫున విలియం కింగ్ రాసిన గ్రంథంలో అక్కడి వజ్రపు గనుల వర్ణన ఉంది, ఆ రాతి పొరకు ఈ ఊరి పేరే స్థిరపడింది. ఇక నాపరాళ్లు. బనగానపల్లె, బేతంచెర్ల, కొలిమిగుండ్ల క్వారీల బండలు మన ఊళ్లలో ఎన్ని ఇళ్లలో ఉన్నాయో లెక్క లేదు. మా బడి వరండాలో పరిచినవీ అవే బండలని, పరిచిన మేస్త్రీ ఎవరో కూడా నాకు ఇంటికి వచ్చాక ప్యూన్ చెప్పాడు. ఆ పిల్ల వాళ్ల నాన్నే.

అప్పుడు వెళ్లి ఇంజన్ బౌలిలో వాకబు చేశాను. వాళ్లు ఇల్లు ఖాళీ చేసి చాలా కాలమైంది. అవ్వ సొంతూరు పోయి అక్కడే కాలం చేసిందని పాత ఇంటివాళ్లు చెప్పారు. ఏ పల్లె అంటే వాళ్లకు తెలియదు. ఆ గట్టు ఏ రెండు ఊళ్ల నడుమదో నేను ఆ రోజు గేటు దగ్గర అడిగి ఉంటే తెలిసేది. నవాబు కచేరీలో శిస్తు ఎట్లా కట్టేవాళ్లు, గట్టుకు అవతలివాళ్లకన్నా ఎక్కువా తక్కువా, 1948లో కచేరీ మూతపడ్డ రోజు వాళ్ల నాన్న ఇంటికొచ్చి ఏమన్నాడు, ఇవన్నీ ఆమెతో పోయాయి. ఏ గెజిటీరులోనూ దొరకని సంగతులవి. చరిత్ర టీచరునై ఉండి, చరిత్ర నా దగ్గరికి నడిచి వచ్చి "సారూ" అని పిలిస్తే, తికమక పెట్టకు అని పంపించేశాను. మార్కుల పేపరు కన్నా నాకు బాధ దీనికే.

లెసోతోను కూడా మళ్లీ మొదటి నుంచి చదివాను. పేద దేశం, రేవు లేని దేశం అని చెప్పి వదిలేసేవాణ్ని. 1824లో మొష్వేష్వే అనే నాయకుడు తన జనాన్ని థబా బోసియు అనే బల్లపరుపు కొండ మీదికి చేర్చి నిలబెట్టుకున్నాడు. పక్కనున్న ఆరెంజ్ ఫ్రీ స్టేట్‌లోని బోయర్లు, అంటే డచ్చి వలసదారులు, మంచి సాగు నేలలు గుంజుకుంటుంటే, 1868లో బ్రిటిషు రక్షణ కోరి మిగిలిన కొండలనైనా దక్కించుకున్నాడు. 1966 అక్టోబరు 4న దేశం స్వతంత్రమైంది. 1986లో దక్షిణాఫ్రికాతో ఒప్పందం చేసుకుని, 185 మీటర్ల ఎత్తున కాట్సే ఆనకట్ట కట్టి, సొరంగాల గుండా కొండ నీటిని జొహానెస్‌బర్గ్ వైపు పంపి అమ్ముతోంది. చుట్టూ ఉన్న పొరుగువాడికే దాహం తీర్చి డబ్బు తీసుకుంటోంది. అక్కడా వజ్రాలే: లెట్సెంగ్ గనిలో 2006లో 603 క్యారెట్ల రాయి దొరికింది. ఆ కొండల గోడకు తూర్పున ఉన్న నేటాల్‌కు 1860 నుంచి మద్రాసు ఓడల్లో మనవాళ్లు చెరకు తోటల పనికి పోయారు. వాళ్ల మనవలు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. నేను అంత దూరమనుకున్న దేశానికి తెలుగువాళ్లు నూట అరవై ఏళ్లుగా పొరుగువాళ్లు.

ఇప్పుడు పాఠం తిరగేసి చెబుతున్నాను. ముందు హైదరాబాదు, తర్వాత బనగానపల్లె, ఆ తర్వాత లెసోతో. పిల్లలకు ఇంటిపని ఒకటే ఇస్తాను: మీ ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లను, 'మీరు పుట్టినప్పుడు శిస్తు ఎవరికి కట్టేవాళ్లు' అని అడిగి రాసుకు రండి. ఎన్ని రకాల జవాబులు వస్తాయో! నిజాం సొంత నేల సర్ఫెఖాస్ అని ఒకరు, పాయిగా అమీర్ల జాగీరు అని ఒకరు, గద్వాల సంస్థానం అని ఒకరు. ఏ జవాబునూ నేను వెతికి చూడకుండా కొట్టేయడం లేదు.

ఈ జనవరిలో తొమ్మిదో తరగతిని జ్వాలాపురం, యాగంటి తీసుకుపోతానని హెడ్ మేడమ్‌ను అడిగాను. తల్లిదండ్రులు ఒప్పుకుంటే సరేనన్నారు. మొన్న సాయంత్రం ఒక పిల్లవాడి తండ్రి, షా అలీ బండలో పండ్ల బండి పెట్టుకునే ఆయన, ఒప్పుకోలు కాగితం పట్టుకుని వచ్చాడు. "బంగినపల్లి నేను రోజూ అమ్మేదే కదా సార్. జనవరిలో కాయ కూడా ఉండదు. అంత దూరం పోయి పిల్లలు ఏం చూస్తారు?" అన్నాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, గట్టు సంగతి నుంచి మొదలుపెట్టి బూడిద దాకా చెప్పాను. పూర్తిగా విన్నాడు. ఖర్చు ఎంతవుతుందని అడిగాడు. రాత్రిపూట పిల్లల పక్కన ఎవరు పడుకుంటారని అడిగాడు. ఇంట్లో మాట్లాడి సోమవారం చెబుతానని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.